అసంపూర్తి హాట్ రాడ్‌ను అప్పగించి విదేశానికి వెళ్లడం: ఒక వాహన నిల్వ సేవపై సమీక్ష

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు విదేశంలో ఉండవలసి వచ్చినప్పుడు, సగం కట్టిన హాట్ రాడ్‌ను (పాత కారును వేగం కోసం, రూపం కోసం మార్చి కట్టుకునే బండిని) భద్రపరచడానికి నేను దక్షిణ కాలిఫోర్నియాలోని ఒక వాహన నిల్వ సేవను ఎంచుకున్నాను. గాలిలో తేమను అదుపులో ఉంచే గోదాములో పాతకాలపు కార్లను, సేకరణ కార్లను నెలవారీ అద్దెకు ఉంచుకునే సంస్థ అది. బండి వాళ్ల దగ్గర ఉన్నంతకాలం గమనించిన విషయాలను, తిరిగి తీసుకునేటప్పుడు నట్టు నట్టునా తనిఖీ చేసి తెలుసుకున్న విషయాలను ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు; ఇటువంటి సేవలు ఎన్నో ఉన్నాయి, వాటిలో దేనికైనా వర్తించే అంశాలే ఈ సమీక్షలో ముఖ్యం. పూర్తయిన కారును నిల్వ చేయడానికీ, పూర్తికాని కారును నిల్వ చేయడానికీ చాలా తేడా ఉంది. ఈ సంస్థ మొదటి పనిలో నిజంగా నేర్పరి. రెండవ పనిని మాత్రం నా బండితో పాటే నేర్చుకుంది.

ముందుగా బండి పరిస్థితి చెప్పాలి. 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కూపే బాడీ, 1932 ఫోర్డ్ నమూనాలో చేసిన ఫ్రేము, 1949–53 కాలపు ఫ్లాట్‌హెడ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్. ఫ్రేముకు ముందు, వెనుక ఇరుసులు అమర్చడం పూర్తయింది. ఇంజన్‌ను విప్పి, బోరు చేయించి (సిలిండర్లను లోపల కోయించి), కొత్త పిస్టన్లు, వాల్వులను తెరిచే కొత్త క్యామ్ వేసి మళ్లీ బిగించినా, ఇంకా ఒక్కసారి కూడా స్టార్ట్ చేయలేదు. బాడీకి వెల్డింగ్ పని అయిపోయి ఇనుము బట్టబయలుగా ఉంది. తలుపులు వేరుగా, డిక్కీ మూత వేరుగా, మీటర్లు, కార్బ్యురేటర్లు, జెనరేటర్, గాజు పలకల పట్టీలు అన్నీ పెట్టెల్లో ఉన్నాయి. ఈ దశలో ఉన్న బండికి తాళంచెవి ఉండదు, నడిచిన మైళ్ల లెక్క ఉండదు, దానంతట అది నాలుగడుగులు కదలదు. నిల్వ సేవలవారి దరఖాస్తు ఫారం మొదటి పుట అడిగేది మాత్రం సరిగ్గా ఈ వివరాలే.

హాట్ రాడ్‌ను పక్కన పెట్టి సముద్రాలు దాటడం ఈ అభిరుచికి మొదటి నుంచీ తెలిసిన విషయమే. దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ 1937లో ఏర్పడి, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మీద వేగ పరీక్షలు జరుపుతున్న రోజుల్లోనే రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫోర్డ్ రోడ్‌స్టర్లను (పైకప్పు లేని కార్లను) విప్పి బిగించిన యువకుల్లో చాలామంది సైన్యంలో చేరి పసిఫిక్‌కో, యూరప్‌కో వెళ్లారు. వాళ్ల బండ్లు షెడ్లలో, ఇళ్ల వెనుక దొడ్లలో ఆగిపోయాయి. మ్యూరాక్ సరస్సు సైనిక స్థావరంగా మారి, తరువాత ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరమయింది. యుద్ధం ముగిశాక ఎల్ మిరాజ్ సరస్సు మీద పరీక్షలు సాగాయి, 1949లో యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పు మైదానాల మీద మొదటి వేగ వారోత్సవం జరిగింది. ఆ తరంవారు తిరిగి వచ్చి బండ్లను మళ్లీ చేపట్టారు కనుకనే ఈ కళ ఇంత దూరం వచ్చింది. అందువల్ల ఆగిన ప్రాజెక్టు అంటే చచ్చిన ప్రాజెక్టు అని ఎవరైనా తేల్చేస్తే నేను ఒప్పుకోను. అయితే ఆగినకాలంలో అది ఏ స్థితిలో ఉంటుందన్నదే తిరిగి లేస్తుందా లేదా అన్నది తేలుస్తుంది, అందుకే ఈ సేవను ఇంత నిశితంగా పరిశీలించాను.

నిల్వ సేవను ఎంచుకోవడానికి ముందు మిగిలిన దారులు కూడా చూశాను. బండిని అమ్మేయమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. కానీ విడిభాగాలుగా ఉన్న ప్రాజెక్టుకు, పెట్టిన ఖర్చులో కొంత భాగమే తిరిగి వస్తుంది, పైగా కొన్నవారికి మన తలలో ఉన్న రూపం దొరకదు. నేను లేని సమయంలో ఏదైనా వర్క్‌షాపు చేత పూర్తి చేయించడం మరొక దారి. దీనిని గట్టిగానే ఆలోచించి వద్దనుకున్నాను. హాట్ రాడ్‌లో నిర్ణయాలు కంటితో జరుగుతాయి: పైకప్పును ఎంత కోసి తగ్గించాలి, ముందు భాగం వెనుక భాగం కన్నా ఎంత దిగువన కూర్చోవాలి, చక్రం అంచుకూ ఫెండర్ గీతకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలి అన్నవి బండి చుట్టూ పదిసార్లు తిరిగి, దూరంగా నిలబడి, వంగి చూసి తేల్చుకునేవి. ఫోన్‌లో వచ్చిన ఫొటోను చూసి వీటిని తేల్చమంటే, ఏ కెమెరాతో ఎంత ఎత్తు నుంచి తీశారో కూడా తెలియని బొమ్మ మీద బండి స్వభావాన్నే నిర్ణయించినట్లవుతుంది. స్నేహితుల గ్యారేజీలో పెట్టడంలో ఖర్చు తక్కువే గాని, వాళ్ల ఇల్లు మారినా, అవసరాలు మారినా బండికి చోటు ఉండదు. ఇనుప షిప్పింగ్ కంటైనర్‌ను అద్దెకు తీసుకుంటే పగటి వేడికీ రాత్రి చలికీ లోపలి కప్పు చెమర్చి, ఆ నీరు బండి మీదే పడుతుంది. గాలి నింపిన బుడగలాంటి గుడారంలో ఫ్యాన్ తిరుగుతూ బండిని పొడిగా ఉంచే పద్ధతి మంచిదే. కానీ దానికి కరెంటు పోకుండా చూసే మనిషి ఒకరు దగ్గర ఉండాలి.

ఇక సేవ సంగతి. నేను మొట్టమొదట చూసినది తేమను వాళ్లు ఎలా కొలుస్తారన్నది. ఇనుము తుప్పు పట్టడంలో గాలిలోని సాపేక్ష ఆర్ద్రతదే (ఆ వేడిలో గాలి పట్టుకోగల తేమలో ఎంత శాతం ఉందన్నదే) పెద్ద పాత్ర. అది యాభై శాతం లోపు ఉంటే శుభ్రమైన ఉక్కు మీద తుప్పు చాలా నెమ్మదిగా సాగుతుంది. అరవై దాటిందంటే వేగం పుంజుకుంటుంది. ఉక్కు మీద ఉప్పు గానీ చేతి చెమట గానీ ఉంటే అంతకన్నా తక్కువ తేమలోనే మొదలవుతుంది. దీనికి తోడు బరువైన ఇనుప ఇంజన్ బ్లాక్ రాత్రంతా చల్లబడి ఉదయం వెచ్చబడటానికి చాలా సమయం తీసుకుంటుంది. ఆ మధ్యలో సముద్రం మీద నుంచి తడి గాలి లోపలికి వచ్చిందంటే, చల్లని నీళ్ల చెంబు బయట చెమర్చినట్లు బ్లాక్ లోపలా బయటా చెమరుస్తుంది. దక్షిణ కాలిఫోర్నియా తీరంలో మే, జూన్ నెలల్లో ఉదయం పూట దట్టమైన సముద్రపు మబ్బు కమ్ముకుని ఉంటుంది. అందుకే ఎడారి పొడి వాతావరణమని భరోసాగా ఉండకుండా, తీరానికి దూరంగా లోపలి వైపు ఉన్న గోదామును ఎంచుకున్నాను.

ఈ విషయంలో సంస్థకు పూర్తి మార్కులు ఇస్తాను. గోడలకూ కప్పుకూ ఉష్ణ నిరోధక పొర ఉంది, తేమను పీల్చే యంత్రాలు రెండు మూలల్లో నడుస్తుంటాయి, పెద్ద తలుపు రోజుకు కొద్దిసేపు మాత్రమే తెరుస్తారు. ముఖ్యంగా వాళ్లు తేమ అంకెలను గంట గంటకూ నమోదు చేసి, ఆ గ్రాఫును నెలకొకసారి నాకు ఈమెయిల్‌లో పంపారు. ఒకచోట గీత అరవై పైకి లేచినప్పుడు, యంత్రం ఒకటి మరమ్మతుకు వెళ్లిందని నేను అడగక ముందే వివరణ రాసి పంపారు. ఖండాంతరంలో కూర్చుని బండి గురించి ఆలోచించే మనిషికి ఈ గ్రాఫు ఇచ్చే ధైర్యం అందమైన ఫొటోలు ఇవ్వలేవు. "వాతావరణ నియంత్రిత" అని బోర్డు పెట్టుకుని, ఎయిర్ కండిషనర్ ఉందని చూపించి, తేమ అంకె ఎంత అని అడిగితే నీళ్లు నమిలే గోదాములు నేను తిరిగిన వాటిలో ఉన్నాయి. చల్లదనం ఒక్కటే సరిపోదు. చల్లబడిన గాలిలో తేమ తగ్గకపోతే సాపేక్ష ఆర్ద్రత పెరుగుతుంది. నిల్వ సేవను వెతికేవారు మొదట అడగవలసినది గత ఏడాది తేమ నమోదు పత్రాన్ని.

ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పడానికి వాళ్లు ఒప్పుకోకపోవడం కూడా నాకు నచ్చింది. గాలి ఆడని కప్పు కింద తేమ చిక్కుకుపోతుంది. నేత బట్టతో చేసిన, గాలి ఆడే ముసుగునే వాడాలని వాళ్లు పట్టుబట్టారు, వాళ్ల ముసుగు శుభ్రంగానూ మెత్తగానూ ఉంది.

బట్టబయలుగా ఉన్న బాడీ విషయంలో ఒప్పందానికి ముందే వాళ్లు ఒక షరతు పెట్టారు: ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయని ఉక్కును తీసుకోము, వేసేది కూడా ఎపాక్సీ ప్రైమరే కావాలి. ఆ షరతు మొదట కఠినంగా తోచినా, దాని వెనుక ఉన్న కారణం నూటికి నూరు పాళ్లు సరైనది. మామూలు ప్రైమర్ సర్ఫేసర్‌లో సున్నంలాంటి పొడి పదార్థాలు ఉండటం వల్ల అది ఎండాక తేమను పీల్చుకుంటుంది, బయటికి బాగున్నట్టే కనబడుతూ అడుగున ఉక్కును తుప్పు పట్టిస్తుంది. గుంతలు పూడ్చే బాడీ ఫిల్లర్ పరిస్థితి కూడా అంతే. ఎపాక్సీ పొర ఎండాక తేమను దాదాపు అడ్డుకుంటుంది. అందుకని బయలుదేరే ముందు ఫిల్లర్ పని ఏదీ మొదలుపెట్టకుండా, ఉక్కును ఇసుక కాగితంతో రాపించి, నూనె మరక లేకుండా తుడిపించి, బయటా లోపలా, తలుపుల అంచుల్లోనూ, నేల పలకల అడుగునా రెండు పొరల ఎపాక్సీ వేయించాను. తిరిగి వచ్చాక చూస్తే ఎక్కడా బుడగ లేదు, గోధుమ మచ్చ లేదు. ఇంత కాలం గడిచాక దాని మీద తరువాతి పొర నేరుగా వేస్తే పట్టదు కనుక మొత్తం బాడీని మళ్లీ గరుకు చేయవలసి వచ్చింది. అది తప్పని పని, సేవ లోపం ఎంతమాత్రం కాదు.

ఇంజన్ విషయంలో మాత్రం మా మధ్య పెద్ద చర్చే జరిగింది. ఈ సంస్థ ప్రామాణిక ప్యాకేజీలో ప్రతి కారునూ నెలకొకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు నడపడం ఒక భాగం, దానినే వాళ్లు తమ ప్రత్యేకతగా ప్రకటించుకుంటారు. ఈ అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది; ఇంజన్ పూర్తిగా వేడెక్కి కొంతసేపు నడిస్తేనే ఆ ఆవిరి బయటికి పోతుంది. పది నిమిషాలు నిలబడి నడిచి ఆగిన ఇంజన్‌లో అది ఆయిల్‌లోనూ, పొగ గొట్టంలోనూ నీరుగా మిగిలిపోతుంది. నెల నెలా ఇలా చేయడమంటే నెల నెలా తుప్పుకు నీరు పోయడమే. పూర్తయిన కారు సంగతే ఇలా ఉంటే, ఒక్కసారి కూడా మొదలుపెట్టని నా ఇంజన్‌కు అది మరీ ప్రమాదం. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (వాల్వులను ఎత్తే చదునైన ట్యాపెట్లను నేరుగా రాసుకునే క్యామ్) ఉన్న ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడిల్‌లో వదలకుండా దాదాపు రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాల పాటు నడపాలన్నది ఇంజన్ కట్టేవారు సాధారణంగా ఇచ్చే సలహా. అప్పుడే క్యామ్ ముఖాలూ ట్యాపెట్ అడుగులూ ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఆ మొదటి గడియను తెలియనివారి చేతికి వదిలేయడం తగదు.

సంస్థ ఈ వాదనను ఓపికగా విని, నా బండికి వేరే పద్ధతి రాసుకుంది. సిలిండర్లలోకి నిల్వ కోసం వాడే ఫాగింగ్ ఆయిల్ చల్లి, స్పార్క్ ప్లగ్గుల స్థానంలో సిలికా జెల్ నింపిన పారదర్శక ప్లగ్గులు బిగించాను. విమాన ఇంజన్లను నిల్వ చేసేవారు చాలాకాలంగా వాడుతున్న పద్ధతి ఇది. గింజల నీలం రంగు గులాబీకి మారితే తేమ పట్టిందని అర్థం, అప్పుడు మార్చాలి. ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు బ్లాక్‌లోనే సిలిండర్ల పక్కన ఉంటాయి, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఏ స్థానంలో ఆగినా కొన్ని వాల్వులు తెరిచే ఉంటాయి; పొగ దారుల నుంచి తడి గాలి సిలిండర్ గోడల దాకా వెళుతుంది. కనుక పొగ దారులకూ, కార్బ్యురేటర్లు కూర్చునే నోళ్లకూ రబ్బరు మూతలు బిగించాను. క్రాంక్‌ను చేత్తో తిప్పే విషయంలో రెండు వైపులా న్యాయం ఉంది: తిప్పకపోతే పిస్టన్ రింగులు గోడకు అంటుకుపోవచ్చు, కొన్ని వాల్వు స్ప్రింగులు ఎప్పుడూ నొక్కుకునే ఉంటాయి; తరచుగా తిప్పితే క్యామ్ ముఖాల మీద పూసిన చిక్కని గ్రీజు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని మూడు నెలలకొకసారి మాత్రమే, నెమ్మదిగా, ప్రతిసారీ వేరే స్థానంలో ఆగేలా తిప్పమని రాసి ఇచ్చాను. క్రాంక్ చివరి కప్పీ మీద సుద్దతో గీత పెట్టి, తిప్పిన తరువాత ఆ గీత ఎక్కడుందో ఫొటో తీసి పంపమన్నాను. ఆ ఫొటోలు క్రమం తప్పకుండా వచ్చాయి, గీత ప్రతిసారీ వేరే చోట ఉంది. ఇంతకన్నా నమ్మదగిన ఆధారం అక్కరలేదు.

మధ్యలో ఒక మేనేజరు మారినప్పుడు మాత్రం గండం గడిచింది. కొత్తగా వచ్చినవారి జాబితాలో నా బండి కూడా "నెలవారీ స్టార్ట్" వరుసలో చేరింది. స్టీరింగు గొట్టానికి నేను కట్టిన ఎర్ర అట్ట మీద "ఈ ఇంజన్‌ను స్టార్ట్ చేయరాదు, ఆయిల్ లేదు" అని పెద్ద అక్షరాలతో ఉండటం వల్ల పనివాడు ఆగి, నాకు సందేశం పంపాడు. ఒప్పందంలో రాసిన మాట కార్యాలయంలో ఉంటుంది, బండికి కట్టిన మాట బండి దగ్గర ఉంటుంది. నిల్వకు ఇచ్చే ప్రతివారూ ఈ రెండవదాన్ని నిర్లక్ష్యం చేయకూడదని నా గట్టి అభిప్రాయం. సంస్థ క్షమాపణ చెప్పి, ఆ తరువాత ప్రత్యేక సూచనలున్న బండ్లకు వేరే రంగు ఫైలు పెట్టింది. ఆ దిద్దుబాటును నేను మెచ్చుకున్నాను.

మిగిలిన యాంత్రిక విషయాలు తేలికగానే సాగాయి. బ్రేకుల వ్యవస్థ మొత్తం కొత్తది, అంతకు ముందు ఏ ద్రవమూ పోయనిది కనుక, నీటిని పీల్చని సిలికోన్ ఆధారిత డాట్ 5 ద్రవాన్ని నింపాను. డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకుని లోపలి నుంచి గొట్టాలను తినేస్తాయి, వాటితో డాట్ 5ను కలపడం కూడదు. రేడియేటర్‌లో, బ్లాక్‌లో ఇంకా నీరు పోయలేదు కనుక పొడిగానే ఉంచాను. ఇప్పటికే నడుస్తున్న ఇంజన్ అయితే సగం ఖాళీగా వదలకుండా తుప్పు నిరోధకం కలిసిన కూలెంట్‌ను నిండుగా నింపి ఉంచడమే మేలు. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి నిలిస్తే నీటిని పీల్చి విడిపోతుంది కనుక, నడిచే కార్లవారు పెట్రోలు చెడకుండా చూసే స్టెబిలైజర్ కలిపి కార్బ్యురేటర్ దాకా చేరేలా కొంతసేపు నడిపి, ఆ తరువాతే నిల్వకు ఇవ్వడం మంచిది. ఎలుకల విషయంలో సంస్థ చాలా జాగ్రత్తగా ఉంది. గోదాములో తిండి పదార్థాలు తేవడం నిషేధం, తలుపు అడుగున బ్రష్ పట్టీలు ఉన్నాయి, బోనులను వారం వారం చూస్తారు. కొత్త వైరింగ్‌కు ఒక్క పంటి గాటు లేదు.

టైర్ల విషయంలో ఒక ఫిర్యాదు ఉంది. పాత శైలి బయాస్ ప్లై టైర్లు (లోపలి పొరలు ఏటవాలుగా అడ్డంగా వేసినవి) ఒకేచోట బరువు మోస్తే అడుగున చదునైన మచ్చ ఏర్పడుతుంది కనుక, ఇరుసుల కింద స్టాండ్లు పెట్టి చక్రాలను నేల నుంచి లేపమని రాశాను. ఫ్రేము కింద పెడితే స్ప్రింగులు పూర్తిగా సాగి వేలాడతాయి కనుక ఇరుసుల కిందే పెట్టాలని కూడా వివరించాను. మొదటి నెల ఫొటోలో బండి టైర్ల మీదే నిలబడి ఉంది. రాసి పంపిన తరువాతి వారంలో సరిచేశారు, కాబట్టి నష్టం జరగలేదు. కానీ ఫొటో అడగకపోతే ఎన్ని నెలలు అలాగే ఉండేదో. నిల్వ సేవను దూరం నుంచి నడిపించుకోవలసినవారు నెల నెలా అవే కోణాల నుంచి ఫొటోలు కావాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ఇప్పుడు అసలు లోపానికి వస్తాను. ఈ సంస్థ దృష్టిలో నిల్వ అంటే వాహనం. నా దృష్టిలో ఆ దశలో బండి సగం పెట్టెల్లోనే ఉంది. నేను అప్పగించిన పెట్టెలను వాళ్లు అదనపు సామానుగా లెక్కించి, తేమ నియంత్రణ లేని పక్క షెడ్డులో అల్మరా మీద పెట్టారు. ఈ సంగతి వాళ్లు చెప్పలేదు. ఫొటోలో పెట్టెలు కనబడకపోవడంతో నేనే అడిగి తెలుసుకున్నాను. స్ట్రోమ్‌బర్గ్ 97 కార్బ్యురేటర్లు జింకు మిశ్రమంతో పోసినవి, తడి తగిలితే వాటిమీద తెల్లని బూజులాంటి తుప్పు పడుతుంది. జెనరేటర్ తీగ చుట్టలు, మీటర్ల ముఖాలు, క్రోము పూత వేసిన పట్టీలు, మెషీన్ చేసిన ఉక్కు భాగాలు అన్నీ తేమకు బాడీ కన్నా సుకుమారమైనవి. గట్టిగా చెప్పిన తరువాత పెట్టెలను ప్రధాన హాలులోకి మార్చారు గాని, అందుకు అదనపు అద్దె వేశారు. అద్దె సంగతి ముందుగా చెప్పి ఉంటే నేను మారుమాట లేకుండా కట్టేవాణ్ని. వాహనం ఏది, సామాను ఏది అన్న హద్దు పూర్తికాని బండి విషయంలో చెరిగిపోతుందని ఈ సంస్థ గుర్తించాలి. ఒప్పందంలో బాడీ, ఫ్రేము, ఇంజన్, పెట్టెలు అన్నీ ఒకే వాహనంగా, ఒకే గదిలో ఉంచాలన్న వాక్యం లేకపోతే సంతకం చేయవద్దని ఈ దారిన వెళ్లేవారందరికీ చెబుతాను.

పెట్టెల్లో భాగాలను సర్దే పని మాత్రం ఏ సేవా మనకు చేసిపెట్టదు. ఉక్కు భాగాలకు పలచగా నూనె రాసి, తుప్పును ఆపే ఆవిరి వెలువరించే వీసీఐ కాగితంలో చుట్టాను. ఆ కాగితాల్లో కొన్ని ఇనుముకే తగినవి, ఇత్తడికీ జింకుకూ వాడకూడనివి ఉంటాయి కనుక రకం చూసి ఎంచుకోవాలి. బోల్టులను ఏ భాగానివి ఆ భాగంతో సంచిలో వేసి, సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ పెట్టాను. బయటి సిరా కాలక్రమంలో వెలిసిపోతుంది. విప్పినప్పుడు తీసిన ఫొటోలను అచ్చు వేయించి ఆయా పెట్టెల్లోనే ఉంచాను. అన్నిటికన్నా విలువైనదిగా తేలినది ఒక నోటు పుస్తకం: ఆగిన చోట చేతిలో ఉన్న పని ఏది, దాని తరువాత చేయవలసినది ఏది, ఏ బోల్టు చేత్తో బిగించి మాత్రమే వదిలాను, ఏది టార్క్ రెంచితో (కొలిచిన బలంతో బిగించే పానాతో) పూర్తిగా బిగించాను, ఏ కొలత ఇంకా తేలలేదు అన్నవన్నీ అందులో రాశాను. ముందు ఇరుసు దగ్గర రెండు నట్లకు పిన్నులు ఇంకా వేయలేదన్న వాక్యం ఆ పుస్తకంలో కనబడినప్పుడు, ఇది రాయకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా ఇష్టపడలేదు. ఫ్రేము తుప్పు పట్టినా శుభ్రం చేయవచ్చు గాని, బిగించామో లేదో గుర్తులేని నట్టో బోల్టో మనుషుల ప్రాణాలతో ముడిపడిన విషయం.

కాగితాల విషయంలో సంస్థ పరిమితులను ముందే తెలుసుకోవడం మంచిది. వాళ్ల బీమా గోదాము భవనానికి వర్తిస్తుంది, మన బండికి కాదు. ఇది ఒప్పందంలో స్పష్టంగానే రాసి ఉంది. మామూలు కారు బీమా తరుగుదల తీసివేసి విలువ కడుతుంది, అలా కడితే విడిభాగాలుగా ఉన్న 1930 ఫోర్డ్‌కు వచ్చేది చాలా స్వల్పం. ముందుగా ఒప్పుకున్న విలువను చెల్లించే సేకరణ కార్ల పాలసీలు ఉన్నాయి, వాటిలో నిర్మాణంలో ఉన్న వాహనాలకు వర్తించేవి కూడా దొరుకుతాయి. బండి నుంచి విప్పి పెట్టెల్లో ఉంచిన భాగాలు కూడా అందులోకి వస్తాయా అన్నది రాతపూర్వకంగా అడగాలి. కాలిఫోర్నియాలో రిజిస్ట్రేషన్ ఉన్న వాహనాన్ని రోడ్డు మీదికి తీసుకురాబోమని మోటారు వాహనాల శాఖకు "ప్లాన్డ్ నాన్ ఆపరేషన్" పత్రం దాఖలు చేసుకోవచ్చు. అయితే ఆ కాలంలో దానిని ప్రజా రహదారి మీద నడపడానికి గానీ, నిలపడానికి గానీ వీలులేదు. బండి మీద నిర్ణయం తీసుకోగల ఒక నమ్మకస్థుడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, ఆ ప్రతిని సంస్థ ఫైలులో పెట్టించాను. అగ్ని ప్రమాదమో, సంస్థ చేతులు మారడమో జరిగితే, సముద్రాల అవతలి నుంచి విమానం ఎక్కి వచ్చేలోగా సంతకం పెట్టగల మనిషి ఇక్కడ ఉండాలి. ఈ ఏర్పాటును సంస్థ తనంతట తాను సూచించడం వాళ్ల అనుభవానికి గుర్తుగా భావిస్తాను.

అద్దె మామూలు గోదాము కన్నా బాగా ఎక్కువ. నడిచే కారుకు చార్జర్‌తో బ్యాటరీ నిర్వహణ, టైర్లలో గాలి, శుభ్రం చేయడం వంటివి ఆ అద్దెలోనే వస్తాయి. నా బండికి బ్యాటరీయే లేదు, టైర్లు నేలకు తగలకుండా లేచి ఉన్నాయి, కడగడానికి రంగు లేదు. ఆ సేవలకు బదులుగా క్రాంక్ తిప్పడం, సిలికా జెల్ మార్చడం, పెట్టెలను లోపల ఉంచడం వంటి పనులతో నిర్మాణంలో ఉన్న బండ్లకు వేరే ప్యాకేజీ పెట్టమని చివరి ఉత్తరంలో సూచించాను. ఆలోచిస్తామని జవాబిచ్చారు. ఆ ప్యాకేజీ వచ్చే దాకా, పూర్తయిన కారు ఉన్నవారికి ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, ఒక్క నెలవారీ స్టార్ట్‌ను మాత్రం వద్దని చెప్పమంటాను. ప్రాజెక్టు ఉన్నవారు తమ సూచనలను తామే రాసి, సంతకం చేయించి, బండికి కట్టి, నెల నెలా ఫొటోలతో సరిచూసుకోగలిగితేనే ఇక్కడికి రావాలి. అలా చేయగలిగినవారికి ఈ గోదాము, ముఖ్యంగా దాని తేమ నియంత్రణ, చాలా మంచి ఎంపిక.

తిరిగి తీసుకున్న రోజున వాళ్లు నా చేతికి ఇచ్చిన కట్టలో, బండి అక్కడ ఉన్న కాలమంతటి తేమ నమోదు పత్రాలు, క్రాంక్ తిప్పిన తేదీలు, సిలికా జెల్ మార్చిన తేదీలు ఉన్నాయి. వాటిని ఇంజన్ కట్టిన మెషీన్ షాపు వారికి చూపించాను. ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీసి క్యామ్ ముఖాలకు మళ్లీ గ్రీజు పూయాలని, ప్లగ్గు రంధ్రాల నుంచి సిలిండర్లకు కొంచెం ఆయిల్ వేయాలని, స్టార్ట్ చేసే ముందు బయటి నుంచి ఒత్తిడితో ఆయిల్‌ను బేరింగుల దాకా పంపాలని, ఇంజన్‌ను పూర్తిగా విప్పనక్కరలేదని వారు చెప్పారు. బాడీ పెయింట్ షాపుకు వెళ్లేంత వరకు ఫ్రేమునూ పెట్టెలనూ అదే హాలులో ఉంచడానికి ఒప్పందాన్ని పొడిగించుకున్నాను. ఈసారి పెట్టెలన్నీ వాహనంలో భాగమేనన్న వాక్యం మొదటి పుటలోనే ఉంది.